నాయన కంట్లో కండ, నా బ్యాగులో తొమ్మిది వేల కూలింగ్ గ్లాస్

మా నాయన కుడికంట్లో ముక్కు వైపు మూల నుంచి ఒక పలచటి కండ నల్లగుడ్డు మీదికి పాకింది. ఎప్పటి నుంచి పాకుతోందో ఇంట్లో ఎవరం గమనించలేదు. కన్ను ఎర్రబడినప్పుడల్లా "దుమ్ము పడింటుందిలే" అని నీళ్లు చల్లుకుని చేనికి పోయేవాడు. పోయిన ఫిబ్రవరిలో ఆ కంటికి మసకగా ఉందంటే అనంతపురం తీసుకెళ్లాను. డాక్టరమ్మ లైటు వేసి చూసి, చీటీ మీద టెరిజియం అని రాసింది. ఏం పని చేస్తారని అడిగింది. శెనిక్కాయ చేను అన్నాడు. ఎన్నేళ్ల నుంచి అంటే లెక్క తీయడానికి ఆయనకు కాసేపు పట్టింది. "పదేండ్లప్పుడు గుంటక పట్టుకున్యా మేడమ్" అన్నాడు.

ఏళ్ల తరబడి ఎండ, గాలి, దుమ్ము తగిలితే ఇట్లా పెరుగుతుందని ఆమె చెప్పింది. ప్రస్తుతానికి చుక్కల మందు చాలట. కంటిపాప దాకా వస్తే ఆపరేషన్ చేసి తీయాలి. తీసినా మళ్లీ పెరిగే గుణం ఉంది. అందుకని ఇకనైనా కూలింగ్ గ్లాస్ లేకుండా చేన్లోకి పోవద్దంది. నాయన సరే అన్నట్టు తలూపాడు. పెట్టుకోడని నాకు అప్పుడే తెలుసు.

నేను గ్రామ సర్వేయర్ని. 2019లో సచివాలయాలు పెట్టినప్పుడు చేరిన బ్యాచ్. ఉరవకొండ దిక్కు నల్లరేగడి చేలల్లో రోవర్, అంటే శాటిలైట్ సిగ్నళ్లతో కొలిచే పరికరం, పట్టుకుని హద్దులు కొలవడం నా పని. భూముల రీసర్వే జోరుగా నడిచిన రోజుల్లో పొద్దున ఏడింటికి దిగితే సాయంత్రం దాకా చేన్లోనే. నీడ కోసం చూస్తే చెట్టు కనబడదు, గాలిమరలు కనబడతాయి. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే కళ్లు ఎర్రగా ఉండేవి. నాయన కంటికి పేరు తెలిసిన రాత్రి నేను ఫోన్ లైటు వేసుకుని నా రెండు కళ్లనూ చాలాసేపు చూసుకున్నాను. నాకు ముప్పై మూడేళ్లు.

ఈ టెన్షన్ అంతా బెంగళూరులో ఉన్న తమ్ముడికి ఫోన్లో చెప్పుకున్నాను. వారం తిరక్కుండానే ఒక డబ్బా పంపాడు. లోపల తోలు సంచి, మెత్తటి గుడ్డ, పెద్ద కంపెనీ పోలరైజ్డ్ కూలింగ్ గ్లాస్. బిల్లు తీసేశాడు కానీ నేను ఆన్‌లైన్లో వెతికి చూశాను: 9,490 రూపాయలు. "కళ్ల విషయంలో డబ్బు చూడకూడదక్కా" అన్నాడు. వాడి ప్రేమ మీద నాకు ఏ అనుమానమూ లేదు. కానీ కంటికి కాపలా కాసేది ధర కాదని అర్థం కావడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఇదంతా రాయడానికి కారణం కూడా అదే. మంచి అద్దాలంటే వేలల్లో ఉంటాయి, అవి మనకు కాదులే అనుకుని ఏమీ పెట్టుకోకుండా ఎండలో బతుకుతున్నవాళ్లే మా ఊళ్లలో ఎక్కువ.

మొదటి రోజు స్కూటీ మీద పోతుంటే ప్రాణానికి హాయిగా ఉంది. తారు రోడ్డు మీద మెరుపు లేదు, ఎదురొచ్చే కారు బానెట్ మీద మెరుపు లేదు. చేన్లో దిగి రోవర్ కంట్రోలర్ చేతిలోకి తీసుకుంటే స్క్రీన్ నల్లగా ఉంది. చార్జింగ్ అయిపోయిందేమో అనుకున్నాను. అద్దాలు తీస్తే వెలుగుతోంది, పెట్టుకుంటే నలుపు. కంట్రోలర్‌ను అడ్డంగా తిప్పితే మళ్లీ కనబడింది. రోడ్డు మీద నుంచి, నీళ్ల మీద నుంచి తిరిగి వచ్చే వెలుగు ఎక్కువగా అడ్డంగా కంపిస్తుంది. పోలరైజ్డ్ అద్దం ఆ అడ్డపు వెలుగును ఆపేస్తుంది కాబట్టే కంటికి అంత హాయి. ఎల్‌సీడీ స్క్రీన్ వెలుగు కూడా ఒకే దిక్కున కంపిస్తుంది. ఆ దిక్కు, అద్దం ఆపే దిక్కు ఒకటైతే స్క్రీన్ నల్లబడుతుంది. కొన్ని ఫోన్లలో కూడా ఇది చూడొచ్చు. అందుకని ప్రతి పాయింటు దగ్గర నేను అద్దాలు నుదుటి మీదికి తోసుకుని రీడింగ్ తీసుకునేదాన్ని. రోజంతా అదే పని కాబట్టి నా కళ్లు సగం రోజు బయటే ఉన్నట్టు లెక్క.

దానికి తోడు భయం. హద్దు రాయి మీద పెట్టి మరిచిపోతానేమో, చున్నీతో తుడిస్తే గీతలు పడతాయేమో, కొలతల్లో నాకు సాయంగా వచ్చే చైన్‌మన్ చేతిలో జారుతుందేమో. పోలరైజ్డ్ అంటే మెరుపు ఆపడం మాత్రమే, ఎండలో కంటికి కనబడని యూవీ కిరణాలను ఆపడం వేరే సంగతి అని కూడా ఆలోగా చదివి తెలుసుకున్నాను. ఏప్రిల్ నాటికి ఆ అద్దాలు తోలు సంచిలో, సంచి డబ్బాలో, డబ్బా నా బ్యాగులో. మండే ఎండలో నేను ఉత్త కళ్లతో.

మే నెలలో ఒక శనివారం క్లాక్ టవర్ దగ్గర కళ్లద్దాల షాపుకు పోయాను. అక్కడ యూవీ కొలిచే చిన్న మిషన్ ఉందని మా సచివాలయంలో ఒకావిడ చెప్పింది. మూడు జతలు పట్టుకుపోయాను. తమ్ముడు పంపినది ఒకటి. రెండేళ్ల కింద రోడ్డు పక్కన 150కి నేను కొన్నది ఒకటి. చైన్‌మన్ అన్న 200కి కొన్న బాగా నల్లటిది ఒకటి. షాపు పెద్దాయన ఓపికగా ఒక్కోటి పెట్టి చూపించాడు. తమ్ముడిది యూవీని పూర్తిగా ఆపింది. నా 150 రూపాయలది కూడా ఆపింది! చైన్‌మన్ అన్నది ఆపలేదు, మిషన్లో ముల్లు బాగానే లేచింది. మూడింటిలో అన్నిటికన్నా నల్లగా ఉన్నది అదే.

అప్పుడు పెద్దాయన లోపలి నుంచి రంగే లేని ఒక తెల్లటి అద్దం తెచ్చి పెట్టాడు. ముల్లు కదల్లేదు. "పాలికార్బొనేట్ అమ్మా, గట్టి ప్లాస్టిక్. నలుపు కంటికి సుఖం కోసం. యూవీ ఆపేది సరుకు" అన్నాడు.

నాకు ఆ ఒక్క మాటతో విషయం విడిపోయింది. వెలుగు అలల పొడవును నానోమీటర్లలో కొలుస్తారు. మనకు కనబడే వెలుగు దాదాపు 400 నానోమీటర్ల దగ్గర మొదలవుతుంది. దానికి కిందిది అతినీలలోహితం, అంటే యూవీ: 315 నుంచి 400 దాకా యూవీఏ, 280 నుంచి 315 దాకా యూవీబీ. ఇంకా కింద ఉండే యూవీసీని ఓజోన్ పొర మన దాకా రానివ్వదు. అద్దం స్టిక్కర్ మీద యూవీ400 అని రాసి ఉంటే ఆ 400 దాకా ఆపుతుందని అర్థం. ఆ కిరణాలు కంటికి కనబడేవే కావు. కనబడని దాన్ని ఆపడానికి అద్దం నల్లగా ఉండాల్సిన పని లేదు. పైగా నల్లటి అద్దం వెనక కంటిపాప పెద్దదవుతుంది. అద్దం యూవీని ఆపకపోతే ఆ తెరిచిన వాకిలి గుండా అది ఇంకా లోపలికి పోతుంది. చైన్‌మన్ అన్న ఆ నల్లటి జతను రెండు ఎండాకాలాలు పెట్టుకున్నాడు, కళ్లు కాపాడుకుంటున్నాననే నమ్మకంతో. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు బాధ.

స్టిక్కర్ ఎవరైనా అచ్చేసుకోవచ్చు కాబట్టి మిషన్ ఉన్న షాపులో చూపించుకోవడమే మేలు. రెండు నిమిషాల పని, నా దగ్గర డబ్బులు కూడా తీసుకోలేదు. ఇంట్లో చూసుకోవాలంటే యూవీ టార్చి, 500 నోటు చాలు. నోటు మీద నంబర్లు యూవీ పడితే మెరుస్తాయి. టార్చికి, నోటుకు మధ్య అద్దం అడ్డం పెడితే ఆ మెరుపు పోవాలి. టార్చి మీద 365 అని ఉన్నది కొనండి. 395 రకంలో మామూలు ఊదా వెలుగు కూడా చాలా వస్తుంది, అది మంచి అద్దం గుండా కూడా కొంత పోయి మనల్ని అయోమయంలో పడేస్తుంది. ఆ టార్చిని ఎవరి కళ్లలోకీ కొట్టకండి.

మరి తొమ్మిది వేలు దేనికి? కొంత నిజంగానే పనికొచ్చేదానికి. ఫ్రేము గట్టిది, మడత దగ్గర వదులు కాదు, గీతలు పడకుండా పూత ఉంటుంది, చూపు ఎక్కడా వంకర పోదు. నా 150 రూపాయల జత యూవీని ఆపింది కానీ దాన్ని చేతిలో దూరంగా పట్టుకుని కిటికీ ఊచల వైపు చూస్తూ కదిలిస్తే ఊచలు పాములా వంగాయి. అది పెట్టుకున్న రోజుల్లో సాయంత్రం తలనొప్పి వచ్చేది, అందుకేనని నా నమ్మకం. మిగతా డబ్బు పేరుకు. రే బాన్, ఓక్లీ వేరువేరు అనుకునేదాన్ని. రెండూ ఎస్సిలార్‌లక్సోటికా అనే ఒకే సంస్థవి. ప్రాడా, షనెల్ పేరుతో వచ్చే కళ్లద్దాలను లైసెన్స్ తీసుకుని తయారు చేసేది కూడా అదే. పేరు ఇష్టమై, చేతిలో డబ్బుండి కొనుక్కుంటే తప్పేమీ లేదు. పేరు ఎక్కువైనందుకు యూవీ ఇంకా ఎక్కువ ఆగదు, అంతే. మొత్తం ఆగిన తర్వాత ఇంక ఆగడానికి ఏముంటుంది?

ఆకారం మాత్రం నేను అనుకున్నదానికన్నా పెద్ద సంగతి. నాయనకు కండ ముక్కు వైపే ఎందుకు వచ్చిందని నాకు మొదటి నుంచీ సందేహం. దీన్ని ఆస్ట్రేలియా కంటి వైద్యుడు మినాస్ కొరోనియో వివరించాడు. కణత వైపు నుంచి పక్కగా పడే వెలుగును నల్లగుడ్డు మీది పారదర్శక పొర భూతద్దంలాగా వంచి, సరిగ్గా ముక్కు వైపు అంచు మీద పోగేస్తుంది. అంటే ముందు నుంచి ఎంత మంచి అద్దం ఉన్నా, పక్కలు ఖాళీగా ఉన్న చిన్న ఫ్యాషన్ అద్దం నాయనలాంటి వాళ్లకు చాలదు. కణతల దాకా చుట్టుకుని వచ్చే ఆకారం కావాలి. పైన టోపీయో తలగుడ్డో ఉంటే ఇంకా మంచిది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కనుబొమ ఎముక కంటికి కొంత అడ్డం. పొద్దున, సాయంత్రం ముందు పూట ఎండ నేరుగా మొహానికి వస్తుంది. నేను 'పొద్దున కదా, ఎండ లేదులే' అనుకుని అద్దాలు లేకుండా తిరిగిన వేళలు అవే.

శుక్లాలకు కూడా దీనితో సంబంధం ఉంది. అమెరికాలో చీసపీక్ బే దగ్గర నీళ్ల మీద బతికే 838 మంది జాలరులను పరిశీలించి 1988లో ప్రచురించారు. బతుకంతా యూవీబీ ఎక్కువగా పడినవాళ్లకు ఒక రకం శుక్లం వచ్చే ముప్పు ఎక్కువని తేలింది. వాళ్లు కూడా పని మానుకుని నీడలో కూర్చోగలిగినవాళ్లు కాదు. అది చదువుతుంటే మా ఊరి రచ్చబండ మీద కూర్చునే ముసలివాళ్లందరూ కళ్ల ముందు తిరిగారు.

షాపు నుంచి నేరుగా హార్డ్‌వేర్ కొట్టుకు పోయాను. గ్రైండర్ పని చేసేవాళ్లు పెట్టుకునే పాలికార్బొనేట్ సేఫ్టీ గాగుల్స్, కణతల దాకా చుట్టుకునే రకం. నల్లటి రంగుది 220, తెల్లది 160. రెండూ కొని, వెనక్కి వచ్చి పెద్దాయన మిషన్లో పెట్టించాను. రెండూ ఆపాయి. వెల్డింగ్‌కు మాత్రం ఇవి పనికిరావని, దానికి వేరే అద్దం ఉంటుందని ఆయనే జాగ్రత్త చెప్పాడు. నల్లటిది ఇప్పుడు నాది. పోలరైజ్డ్ కాదు కాబట్టి స్క్రీన్ నల్లబడదు. రాయి మీద పెట్టినా గుండె అదరదు. తమ్ముడికి ఫోన్ చేసి జరిగినదంతా చెప్పాను. వాడిచ్చినవి స్కూటీ మీద పోయేటప్పుడు పెట్టుకుంటున్నాను, దానికి వాటిని మించినవి లేవు.

నాయనకు ముందు నల్లటివే చూపించాను. చేతిలోకి కూడా తీసుకోలేదు. "ఇవేసుకోని చేన్లో తిరిగితే ఊర్లో ఏమంటారు పాపా? అయినా నల్లగుంటే పురుగూ పుట్రా ఏం కనపడతాది?" అన్నాడు. రెండో మాట నాకు న్యాయంగానే తోచింది. తెల్లవి ఇచ్చాను. పెట్టుకుని వాకిట్లోకి పోయి, వేపచెట్టు వైపు, గొడ్ల వైపు చూసి వచ్చాడు. "దీంట్లో ఏముంది, ఉత్త అద్దమే కదా" అన్నాడు. ఎండలోని విషం దీన్ని దాటదని మాత్రం చెప్పాను. అమ్మ రెండు కొసలకూ నల్లదారం కట్టి మెడలో వేసింది.

జులైలో విత్తనం పడింది. ఆయన రోజూ పెట్టుకుంటున్నాడని నాకు నమ్మకం లేక ఒకరోజు చెప్పకుండా చేనికి పోయాను. గుంటక తోలుతున్నాడు, అద్దాలు కళ్ల మీదే ఉన్నాయి. గాలికి లేచే మట్టి కంట్లో పడటం లేదని, అందుకే పెట్టుకుంటున్నానని చెప్పాడు. యూవీ గురించి నేను చెప్పింది ఆయనకు ఎంత ఎక్కిందో తెలియదు, నాకు దానితో పని కూడా లేదు. తుడిచే ముందు బాటిల్ నీళ్లతో కడగమని నేర్పాను. దుమ్ము మీదే పంచెతో రుద్దితే పాలికార్బొనేట్‌కు తొందరగా గీతలు పడతాయి. గీతలు పడితే చూపుకు ఇబ్బంది గానీ, యూవీ ఆపే గుణం పూతలో కాక సరుకులోనే ఉంది కాబట్టి అది పోదు.

ఆగస్టులో చూపించినప్పుడు కండ ముందుకు జరగలేదని డాక్టరమ్మ చెప్పింది. ఆరు నెలల్లో అద్దాల వల్లే ఆగిందని నేను అనను. మళ్లీ ఫిబ్రవరిలో కొలిపించాలి.

మొన్న రాత్రి అన్నం తింటూ నాయన, కలుపుకు వచ్చే ఆడోళ్లు అద్దాలు ఎక్కడివని అడుగుతున్నారని చెప్పాడు. వాళ్లలో మా పెద్దమ్మకు రెండు కళ్లకూ కండ ఉందట. ఇన్నాళ్లూ ఆమె కూడా దుమ్మే అనుకుంది. "ఏడు కావాల. మూడు చిన్న మొగాలకు పట్టేవి చూడు" అన్నాడు. శనివారం అనంతపురం పోతున్నాను. పెద్దమ్మను కూడా డాక్టరమ్మకు చూపించడానికి వెంట తీసుకుపోతున్నాను.