చార్మినార్ రూపాయి అమ్మితే గేట్‌వేకి వాటా ఎందుకు?

నల్లగొండలో ఒకరి దగ్గర చార్మినార్ రూపాయిలు, అంటే నిజాం కాలపు వెండి సిక్కాలు (నాణేలు), రెండున్నాయి. పాలమూరులో ఇంకొకరి ఆల్బంలో ఆ గడి ఖాళీగా ఉంది. 4,800కు మాట కుదిరింది. ఇంతవరకు బాగానే ఉంది. అప్పుడు అమ్మే మనిషి పేమెంట్ లింకు పంపుతాడు. ఆ లింకు వెనకున్న గేట్‌వే, అంటే ఆన్‌లైన్ చెల్లింపు నడిపించే కంపెనీ, నూటికి 2 రూపాయలు పట్టుకునేదైతే 96 పోయింది. దాని మీద జీఎస్టీ 18 శాతం, ఇంకో 17.28. మొత్తం 113.28 కోసుకుని చేతికి వచ్చేది 4,686.72.

ఆ 113ను కొనే మనిషి మీదే వేద్దామని 4,913 అడిగినా లెక్క సరిపోదు, ఎందుకంటే ఫీజు పెంచిన మొత్తం మీద పడుతుంది. పూర్తిగా 4,800 రావాలంటే 4,800ను 0.9764తో (ఫీజు, జీఎస్టీ కలిపి నూటికి 2.36 పోగా మిగిలేది) భాగించి 4,916 అడగాలి. కానీ ఇద్దరు అభిరుచి గాళ్ల మధ్య అసలు ఆ లింకుతో పనే లేదు.

మామూలు సేవింగ్స్ ఖాతాకు కట్టిన సొంత యూపీఐ నంబరు ఇస్తే చాలు. మనిషి నుంచి మనిషికి, బ్యాంకు ఖాతా నుంచి బ్యాంకు ఖాతాకు యూపీఐలో పంపితే ఇద్దరికీ ఖర్చు లేదు. రోజుకు లక్ష దాకా వెళ్తుంది. కొత్త ఫోన్‌లో యూపీఐ మొదలుపెట్టిన మనిషికి మాత్రం మొదటి 24 గంటలు 5,000 దాటదు. "అన్నా, పోతలేదు" అని మెసేజ్ వస్తే సగం సార్లు కారణం ఇదే. ఒకరోజు ఆగితే సరి.

మరి కోత ఎక్కడ పడుతుందంటే, దుకాణం క్యూఆర్ దగ్గర. కిరాణం కొట్టుకు తీసుకున్న క్యూఆరే సిక్కాలకూ వాడేవాళ్లు ఉంటారు. దాని మీద కొనేవాళ్లు రూపే క్రెడిట్ కార్డుతో కడితే చార్జీ దుకాణందారు నెత్తిన పడవచ్చు. వాలెట్ నుంచి 2,000 మించి కడితే నూటికి 1.1 దాకా ఇంటర్‌చేంజ్ (దుకాణం వైపు బ్యాంకు వాలెట్ కంపెనీకి ఇచ్చే ఫీజు) ఉంది, 2023 ఏప్రిల్ 1 నుంచి. పర్సనల్ క్యూఆర్ మీద క్రెడిట్ కార్డు నడవదు కాబట్టి ఆ తలనొప్పే రాదు. పైసలు పడ్డాయని మాట్లాడే బాక్సుకు నెల నెలా అద్దె కట్టడం ఏడాదికి నాలుగు సిక్కాలు అమ్మేవాళ్లకు దండుగ.

లక్ష దాటే బేరానికి నెఫ్ట్ (బ్యాంకు నుంచి బ్యాంకుకు పంపే పద్ధతి) ఉంది. సేవింగ్స్ ఖాతా నుంచి ఆన్‌లైన్‌లో పంపితే 2020 జనవరి నుంచి చార్జీ లేదు. బ్రాంచికి పోయి ఫారం నింపితే మాత్రం 10,000 దాకా 2.50, ఆపైన మొత్తాన్ని బట్టి ఎక్కువ, జీఎస్టీ వేరే. నగదు తీసుకుంటే ఒక బేరానికి 2 లక్షలు గానీ అంతకు మించి గానీ తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. పేపాల్ సంగతి మన మధ్య అడగక్కర్లేదు, 2021 ఏప్రిల్ 1 నుంచి దేశంలోపల చెల్లింపులు ఆపేసింది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అసలు సంగతి ఇక్కడే మొదలవుతుంది. అమ్మకం సైట్లు కమీషన్ తీసుకునేది కొంత పూచీకి: సరుకు రాకపోతే, నకిలీదైతే కనీసం ఫిర్యాదు చేసే చోటు ఉంటుంది. యూపీఐలో పోయిన పైసలు పంపిన మనిషి ఒక్కడి మాట మీద వెనక్కి రావు. కమీషన్ మిగిలించుకునేవాళ్లు ఆ పూచీ పని కూడా తామే చేసుకోవాలి.

ముందు సరుకు. చార్మినార్ రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. 0.01 గ్రాము చూపే చిన్న కాటా మీద పెట్టి, అంకె కనిపించేట్టు ఫొటో తీసి పంపాలి. ఏళ్లుగా చేతులు మారిన సిక్కా కొంచెం అరుగుతుంది, 11 గ్రాములకు కాస్త అటూ ఇటూ వస్తే భయం లేదు. 10.3 దగ్గర ఆగితే మాత్రం బేరం ఆపి సిక్కాను మళ్లీ చూడాలి. బొమ్మ, బొరుసు ఎండ నేరుగా పడని వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయాలి. చార్మినార్ దర్వాజాలో ఉన్న అక్షరం విడిగా, దగ్గరగా తీయాలి. ఉర్దూ అక్షరం మీమ్ (م) ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, ఐన్ (ع) ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. హిజ్రీ 1330లో సగం ఐన్, పూర్తి ఐన్ రెండు రకాలూ ఉన్నాయి, ధరలు ఒకటి కావు. తగాదాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క ఫొటో లేకనే.

అంచు ఫొటో కూడా తప్పదు. మన దిక్కు సిక్కాలను దండ కట్టి మెడలో వేసుకునేవాళ్లు. కొండి అతికిన టంకం గుర్తు బొమ్మ వైపు కనబడదు, అంచు మీద కనబడుతుంది. అది దాచి అమ్మితే సిక్కా తిరిగి వస్తుంది, పేరు పోతుంది. చింతపండుతో తోమి తళతళలాడించిన సిక్కాకు సగం ధర కూడా రాదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పి పెట్టుకోవడం మంచిది.

తర్వాత పైసలు. మొదట ఒక్క రూపాయి పంపించుకోండి. అప్పుడు తెర మీద కనిపించే బ్యాంకు ఖాతాదారు పేరు, మాట్లాడుతున్న మనిషి పేరు ఒకటేనా చూడాలి. వేరే పేరు మీద నుంచి వస్తే "మా తమ్ముడి ఖాతా" అన్నా వద్దనండి. ఎక్కడో మోసం చేసి తెచ్చిన పైసలు మీ ఖాతాలోకి చేరితే, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫిర్యాదు అందిన తర్వాత బ్యాంకు ఆ మొత్తాన్నో, మొత్తం ఖాతానో ఆపేస్తుంది. దాన్ని విడిపించుకునే తిరుగుడు ముందు 113 రూపాయలు ఏ మూలకు!

మిగతా మొత్తం వచ్చాక స్క్రీన్‌షాట్‌ను నమ్మొద్దు, అది ఎవరైనా తయారుచేస్తారు. మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 12 అంకెల యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపు గుర్తింపు సంఖ్య) కనబడ్డాకే పార్సిల్ కట్టాలి. పైసలు తీసుకోవడానికి పిన్ కొట్టే పని ఎప్పుడూ ఉండదు. పిన్ అడిగితే అది మీ నుంచి పోయే పైసలే. వాళ్ల ఖాతాలో కోసి మీకు రాకపోతే కంగారు వద్దు, మరుసటి రోజుకల్లా వెనక్కి పడాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 చొప్పున బ్యాంకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఈలోగా "మళ్లీ పంపు" అని తొందరపెడితే రెండుసార్లు పోయి, ఆ లెక్క తేలడానికి వారం పడుతుంది.

"పొరపాటున ఎక్కువ పంపిన, తిరిగి వేయండి" అనే మెసేజ్ వస్తే వేరే నంబరుకు వేయొద్దు. వచ్చిన ఖాతాకే వెళ్లాలి, అదీ స్టేట్‌మెంట్ చూసుకున్నాకే. వాపసు షరతు కూడా ముందే రాతలో ఉండాలి: చేతికి అందిన ఎన్ని రోజుల్లో చెప్పాలి, తిరుగు పోస్టు ఖర్చు ఎవరిది. మూడు రోజులు అనుకుంటే ఇద్దరికీ సరిపోతుంది.

ప్యాకింగ్‌లో సిక్కాను పీవీసీ లేని కవరులో పెట్టి, రెండు అట్టముక్కల మధ్య ఊగకుండా టేపు వేయాలి. చెవి దగ్గర పెట్టి ఊపితే చప్పుడు రాకూడదు. చప్పుడొచ్చే కవరును ముట్టుకోగానే లోపల ఏముందో ఎవరికైనా తెలిసిపోతుంది. కట్టేటప్పుడు ఒక్క ముక్కలో వీడియో, కొనేవాళ్లు విప్పేటప్పుడు కూడా అట్లాగే. పోస్టాఫీసులో ఇన్సూరెన్స్ అడిగి చేయించాలి. రసీదు ఫొటో ఆ రోజే పంపాలి.

పెద్ద బేరానికి కలుసుకోవడమే మేలు. నల్లగొండ, మహబూబ్‌నగర్ మధ్య దేవరకొండ, కల్వకుర్తి దారిలోనే ఉన్నాయి. బస్టాండు దగ్గర కాటా తీసి తూచి, అక్కడే ఫోన్‌లో పైసలు వేస్తే పోస్టు ఖర్చూ లేదు, వాపసు తగాదా లేదు. బస్సు చార్జీలు ఎవరివన్నది మాత్రం ముందే అనుకోండి.

ఒక హద్దు ఉంది. 100 ఏళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు. పై చార్మినార్ రూపాయి హిజ్రీ 1330దైతే 1911-12 నాటిది, కాబట్టి దాన్ని విదేశానికి పంపకూడదు, అక్కడి నుంచి ఎంత ధర చెప్పినా సరే. ఇక్కడే అమ్మినా వ్యాపారంగా చేస్తే లైసెన్సు కావాలి. పొలంలో దొరికిన నాణేల సంగతి ఇంకా వేరు. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో 3,730 సీసపు నాణేలు కుండలో బయటపడ్డాయి. అటువంటివి దొరికితే కలెక్టర్‌కు తెలపాలి, అమ్మకానికి పెట్టకూడదు.

ఇంకా ఒక ఫీజు ఉంది, అది అసలు కట్టకూడనిది. ట్రాక్టరు బొమ్మ ఉన్న 5 రూపాయల నోటుకు లక్షలిస్తామని, ముందు రిజిస్ట్రేషనుకు కొంత, తర్వాత జీఎస్టీకి కొంత వేయమని అడుగుతారు. కాగితం మీద రిజర్వు బ్యాంకు ముద్ర కూడా ఉంటుంది. పాత నోట్లు, నాణేల కొనుగోలుకు తాము కమీషన్ గానీ చార్జీ గానీ తీసుకోమని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని ఆ బ్యాంకు 2021 ఆగస్టు 4న ప్రకటించింది. మొదటి ఫీజు పోయినా రెండోది కట్టకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే పైసలు ఆగే అవకాశం అంత ఎక్కువ.