రంభ జెట్టీ నుంచి నాన్నతో ఒక పూట

మా నాన్న గూడ్సు బండి గార్డుగా పనిచేశారు. పలాస నుంచి ఖుర్దా రోడ్డు, ఖుర్దా రోడ్డు నుంచి పలాస, ముప్పై ఏళ్ళకు పైగా అదే దారి. ఆ దారిలో ఒడిశాలోని రంభ స్టేషన్ దాటాక చాలాదూరం పట్టాలకు దగ్గరగా చిలికా సరస్సు కనిపిస్తూనే ఉంటుంది. బండి చివర బ్రేక్ వ్యానులో ఒక్కరే కూర్చుని ఆ నీళ్ళను ఎన్ని వందల సార్లు చూశారో. ఒక్కసారి కూడా పడవ ఎక్కలేదు. ఈస్ట్ కోస్ట్ రైల్వే కొత్త జోన్‌గా మొదలైన 2003లోనే ఆయన రిటైరయ్యారు. మా ఇల్లు బరంపురంలో. రంభకు కారులో గంట, గంటన్నర. అయినా ఇరవై ఏళ్ళు అలాగే గడిచిపోయాయి.

పోయిన ఏడాది ఆయనకు 82 నిండాయి. ఒకరోజు సాయంత్రం టీవీలో కాశీ చూపిస్తున్నారు. గంగలో ఒక కుటుంబం పెద్ద పడవ మాట్లాడుకుని, అందులోనే భోంచేస్తూ ఘాట్లు చూస్తోంది. నాన్న కళ్ళజోడు సరిచేసుకుని చూసి, "మన చిలికాలో కూడా ఇలా తింటూ తిరగొచ్చేమో కదమ్మా" అన్నారు. ఆయన నోరు తెరిచి ఏదైనా కావాలని అడగడం నాకు గుర్తులేదు. అందుకే ఆ మాట మనసులో పట్టుకుంది.

మొదట చేసిన తప్పు ఫోనులో మాట్లాడి డబ్బు పంపేయడం. ఒక ఏజెంటు "ప్రైవేటు బోటు, భోజనంతో సహా, డాల్ఫిన్లు గ్యారంటీ" అన్నాడు. 2,000 రూపాయలు అడ్వాన్సు పంపాను. బయల్దేరడానికి రెండు రోజుల ముందు, బోటులో వెనక్కి ఆనుకునే సీటు ఉంటుందా అని అడగడానికి ఫోను చేస్తే, మాటల్లో అసలు సంగతి బయటపడింది. మేం ఏడుగురం, మాతోపాటు ఇంకో కుటుంబం ఎనిమిదిమంది. ఇదేమిటి, ప్రైవేటు అన్నారు కదా అంటే, బయటివాళ్ళకు టికెట్లు అమ్మరు కాబట్టి అది ప్రైవేటేనట. భోజనం అంటే దారిలో ఏదో హోటల్లో కట్టించిన బిర్యానీ పొట్లాలు. వద్దని చెప్పేశాను. చాలా గొడవపడితే సగం డబ్బు వెనక్కి వచ్చింది. డబ్బు పోయినందుకు కాదు, నాన్న అప్పటికే ఉతికిన స్వెట్టరు తీసి కుర్చీ మీద పెట్టుకున్నారు, అది చూసి ఏడుపు వచ్చింది.

ఆ తర్వాతి వారం బడికి సెలవు పెట్టి నేనూ మా ఆయనా నేరుగా రంభ వెళ్ళాం. ఇలాంటి ఏర్పాటు చేసుకోవాలనుకునేవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఇదే: ఒకసారి ముందుగా వెళ్ళి పడవను కళ్ళతో చూడండి. ఫోటోలో అన్ని పడవలూ ఒకేలా ఉంటాయి.

జెట్టీలో నలుగురైదుగురు పడవవాళ్ళతో మాట్లాడాను. నేను ఏడో తరగతి దాకా బరంపురంలో తెలుగు మీడియంలో, తర్వాత ఒడియాలో చదివాను కాబట్టి భాషకు ఇబ్బంది లేదు. అందరినీ ఒకే ప్రశ్న అడిగాను, డాల్ఫిన్లు కనిపిస్తాయా అని. ముగ్గురు తప్పకుండా అన్నారు. నాలుగో అతను మాత్రం తల అడ్డంగా ఊపి, "అవి ఎక్కువగా సాతపడా వైపు, సముద్రం నీళ్ళు లోపలికొచ్చే చోట ఉంటాయి. ఇక్కడ వాటి కోసం డబ్బు పెట్టకండి. కొండలూ దీవులూ పక్షులూ చూడాలంటే మా రంభ బాగుంటుంది" అన్నాడు. అతన్నే మాట్లాడుకున్నాం.

పడవలోకి దిగి చూశాను. పైన రేకు కప్పు ఉంది, ఎండ పడదు. సీట్లు మాత్రం ఉత్త బల్లలు. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి కాళ్ళు తాడుతో కట్టేస్తానన్నాడు. లైఫ్ జాకెట్లు తీయించి ఒక్కొక్కటీ బకిల్ పెట్టి చూశాం. రెండింటికి పట్టీలు తెగి ఉన్నాయి, వాటిని పక్కన పెట్టించాను. మా మేనల్లుడికి ఆరేళ్ళు, చిన్న సైజు జాకెట్టు కావాలంటే పక్క పడవలోంచి తెచ్చి చూపించాడు. అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టింది జెట్టీ మీంచి పడవలోకి దిగడం. చలికాలానికి సరస్సులో నీళ్ళు తగ్గి పడవ కిందికి ఉంటుంది. మోకాలెత్తు దిగాలి. నాన్నకు అది కుదరదు. రెండు మెట్ల చెక్క బల్ల ఒకటి చేయించి పెట్టమని, దాని ఖర్చు నేనిస్తానని చెప్పాను. అతను ఖర్చు తీసుకోలేదు. ఊళ్ళో ముసలివాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకీ పనికొస్తుందన్నాడు.

బాత్రూం సంగతి కూడా చెప్పాలి, ఎవరూ రాయరు కాబట్టి. ఈ చిన్న పడవల్లో ఉండదు. జెట్టీ దగ్గర టిఫిన్ తిన్న హోటల్లోనే అందరం వెళ్ళొచ్చాం, ఎందుకైనా మంచిదని మరీ ఎక్కువసేపు పట్టని తిరుగుడే పెట్టుకున్నాం. దీని గురించి నేను మరీ భయపడుతుంటే నాన్న అన్నారు, "బ్రేక్ వ్యానులో కూడా ఉండేది కాదమ్మా. లూప్ లైనులో బండి నిలబెట్టేస్తే పది గంటలు కూర్చున్న రోజులున్నాయి."

తేదీ కుదరడం ఇంకో పెద్ద పని. మార్గశిరంలో గురువారాలు అమ్మ లక్ష్మీపూజ చేస్తుంది, నీచు ముట్టదు. మామూలు రోజుల్లోనైనా సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకు. సంక్రాంతికి కాళీజాయి దీవిలో జాతర, ఆ రోజుల్లో చిలికాలో పడవ దొరకడమే కష్టం. ఆదివారాలు పిక్నిక్ జనం, పాటల పెట్టెలు. చివరికి సంక్రాంతి వెళ్ళాక ఒక బుధవారం ఖాయం చేశాం. విశాఖపట్నం నుంచి తమ్ముడూ మరదలూ పిల్లాడితో ముందు రోజే వచ్చారు.

భోజనం ఆ పడవతని భార్య వండింది. ఆమెది ఇచ్ఛాపురం వైపు ఊరు, మన తెలుగే. ముందు రోజు రాత్రి ఆమే ఫోను చేసింది. "అక్కా, నాన్నగారికి కారం తగ్గించాలా? పీతల డెక్కలు నేనే చితక్కొట్టి వేస్తాను, పళ్ళకు కష్టం కాకుండా" అంది. ఇంత మాట ఏ ప్యాకేజీలో దొరుకుతుంది? బోటుకు 3,600, ఏడుగురి భోజనానికి 2,400 అనుకున్నాం. పీతలు ఆ రోజు పొద్దున దొరికేదాన్ని బట్టి అని ముందే చెప్పింది.

బుధవారం ఏడున్నరకు జెట్టీకి చేరేసరికి పొగమంచు. పది గజాల అవతల ఏమీ కనపడటం లేదు. పడవతను బయల్దేరనన్నాడు. తమ్ముడికి చిరాకొచ్చింది గానీ నాన్న మాత్రం "సిగ్నల్ కనపడకపోతే బండి తీయకూడదు, అతను చెప్పిందే రైటు" అని కుర్చీలో స్థిరంగా కూర్చున్నారు. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి టైము రాసుకున్నారు. డ్యూటీలో జర్నల్ రాసిన అలవాటు, ఇప్పటికీ ఇంట్లోంచి బయటికి వెళితే బయల్దేరిన టైము, చేరిన టైము రాస్తారు. ఆ గంటసేపూ పడవతనికి రైల్వే కబుర్లు చెప్పారు. 1928లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల సమ్మెను నడిపిన వి.వి. గిరిగారు మా బరంపురంలో పుట్టినవారేనని, ఆ పేరు చెప్పుకునే తాము యూనియన్‌లో నిలబడ్డామని. రాష్ట్రపతి అయ్యారన్న సంగతి నాన్నకు ఎప్పుడూ రెండో మాటే.

ఎనిమిదిన్నర దాటాక మంచు విడిచింది. చెక్క మెట్ల మీద ఒక్కో అడుగూ వేస్తూ, ఒకవైపు పడవతను, ఒకవైపు తమ్ముడు పట్టుకుంటే నాన్న దిగారు. మెట్లు కదలకుండా నేను వంగి పట్టుకున్నాను. కుర్చీలో కూర్చున్నాక ఆయన నా తల మీద చెయ్యి వేశారు.

ఇంజను చప్పుడు చాలా ఎక్కువ, ఒకరి మాట ఒకరికి వినపడదు. ఘంటశిల కొండ వైపు వెళ్ళాం. రంభ అఖాతంలో ఒక బండరాయి మీద శంకువులా ఒక స్తంభం ఉంటుంది. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో గంజాం కలెక్టరుగా ఉన్న స్నాడ్‌గ్రాస్ అనే దొర కట్టించింది. దాని గురించి తోటి గార్డులు చెప్పేవారట గానీ నాన్నకు బండిలోంచి ఎప్పుడూ సరిగ్గా ఆనలేదు. ఇంజను స్లో చేయించి దాని చుట్టూ ఒకసారి తిప్పించాను. నాన్న కుర్చీలో అటు తిరిగి కనపడినంతసేపూ చూస్తూనే ఉన్నారు. దూరంగా బార్కుడా దీవి. కాళ్ళు లేని ఒక రకం బల్లిని 1917లో అన్నండేల్ అనే శాస్త్రవేత్త అక్కడే గుర్తించాడని, అందుకే దాని పేరులో కూడా ఆ దీవి పేరుందని చెబితే మా మేనల్లుడు అక్కడ దిగాల్సిందేనని పట్టుబట్టాడు. దిగలేదు.

ఖల్లికోట రాజులు కట్టించిన బంగళా శిథిలాలున్న చిన్న దీవి ఒకటుంది, బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ అంటారు. గాలి తగలని వైపు దాని పక్కన పడవ ఆపి, ఇంజను కట్టేయమని చెప్పాను. పదకొండు దాటింది.

ఇంజను ఆగగానే ఎంత నిశ్శబ్దం! పడవ అంచుకు నీళ్ళు తగులుతున్న చప్పుడు, ఎక్కడో బాతుల గోల, అంతే. స్టీలు క్యారేజీలు విప్పాం. అన్నం ఇంకా వేడిగా ఉంది. కూరగాయలు వేసి వండిన పప్పు దాల్మా, ఖైంగా చేప వేపుడు, పుల్లపుల్లగా తీయగా టమాటా ఖట్టా, పీతల కూర. ఒడియావాళ్ళ పీతల పులుసు కంకడా ఝోళలాగా పలచగా ఉంది గానీ, చింతపండు పడింది, అది ఇచ్ఛాపురం చెయ్యి. అమ్మ ఇంటి నుంచి పెరుగన్నం, గోంగూర పచ్చడి తెచ్చింది. నాన్న రెండుసార్లు పీతలు వేయించుకున్నారు. అన్నమాట ప్రకారం డెక్కలన్నీ చితక్కొట్టే ఉన్నాయి.

ఈ పీతలు ఇప్పుడిలా దొరుకుతున్నాయి గానీ తన చిన్నతనంలో ఇన్ని లేవని పడవతను చెప్పాడు. సముద్రం వైపు ముఖద్వారం పూడుకుపోయి, ఉప్పునీళ్ళు రావడం తగ్గి, సరస్సంతా కలుపు పెరిగిపోయిన రోజులవి. 1981లోనే చిత్తడి నేలల్ని కాపాడే అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందం కింద గుర్తింపు పొందిన చిలికాను 1993లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చారు. 2000 సెప్టెంబరులో ఇసుకదిబ్బను తవ్వి కొత్త ముఖద్వారం తెరిచారు. ఉప్పునీళ్ళతో పాటు చేపలూ రొయ్యలూ పీతలూ తిరిగొచ్చాయి. 2002లో ఆ జాబితాలోంచి పేరు తీసేశారు. అతనికి ఈ జాబితాల సంగతి అక్కర్లేదు. వలలు నిండాయి, మద్రాసు పనికి పోయిన వాళ్ళన్న వెనక్కి వచ్చేశాడు, అంతవరకే చెప్పాడు. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపానులో వాళ్ళ పాత పడవ పోయిందట. ఇది అప్పు చేసి కొన్నది. ఆ అప్పు పోయినేడే తీరిందని చెబుతున్నప్పుడు అతని ముఖం చూడాలి.

అప్పుడు వినిపించింది, ఒడ్డు వైపు నుంచి రైలు. చేతిలో ముద్ద అలాగే ఉంచి నాన్న తలెత్తారు. బండి కనపడటం లేదు, చప్పుడే. కాసేపు విని, "గూడ్సు. ఖాళీ పెట్టెలు. పలాస వైపు పోతోంది" అన్నారు. ఎలా తెలిసిందని పిల్లాడు అడిగితే, లోడు బండి చప్పుడు బరువుగా ఉంటుంది, ఖాళీది గలగలలాడుతుంది అని చెప్పారు. ఇక హుమ్మ, గంజాం, ఛత్రపురం అని స్టేషన్ల పేర్లు నెమ్మదిగా చెబుతూ, చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయేదాకా అటే చూశారు. బండిలోంచి ఈ నీళ్ళను చూసిన మనిషి, నీళ్ళలోంచి బండిని వింటున్నారు. అమ్మ ఆయన ఆకులో పెరుగన్నం పెట్టింది. ఎవరం ఏమీ మాట్లాడలేదు.

తిరిగి వస్తుంటే గాలి లేచింది. పడవ ఊగి తుంపర మీద పడుతుంటే అమ్మ కళ్ళు మూసుకుని కాళీజాయి తల్లికి మొక్కుకుంది. అత్తవారింటికి పడవలో వెళుతూ తుపానులో మునిగిపోయిన పెళ్ళికూతురు జాయి కథ ఇక్కడ అందరికీ తెలుసు. ఆమే ఇప్పుడు పడవల్ని కాపాడే దేవత. పడవతను కూడా ఒక చెయ్యి చుక్కాని మీంచి తీసి దండం పెట్టాడు. తిన్న ఆకులూ చేపముళ్ళూ ఏవీ నీళ్ళలో వేయనివ్వలేదు, అన్నీ సంచిలో కట్టించాడు.

ఒడ్డుకు చేరాక అనుకున్న 6,000 కాక, ఆమె కోసం ఒక చీర ఇచ్చాను. బరంపురం పట్టు కొనగలిగే స్తోమత లేదు, నేత చీరే. ఆమె జెట్టీకి రాలేదు, క్యారేజీల సంచిలో పెట్టి పంపాను.

రాత్రి ఇంటికి వచ్చి పడుకునే ముందు నాన్న నోటుబుక్కు తీశారు. జెట్టీ 8:40 అని రాశారు. దీవి దగ్గర ఆగింది ఎన్నింటికని నన్నడిగారు. 11:10 అన్నాను. తమ్ముడు 11:20 అన్నాడు. నాన్నకు అలా వదిలేయడం ఇష్టం లేదు. పడవతనికి ఫోను చేయమన్నారు. అప్పటికి తొమ్మిదిన్నర, పడుకుని ఉంటారేమోనన్నాను. అయినా చేశాను. ఆమె ఎత్తింది. చీర చూసుకున్నానని, ఎందుకక్కా అని అంటూనే భర్తను లేపింది. అతను కాసేపు ఆలోచించి, "మౌసా (బాబాయ్), పదకొండూ పది" అన్నాడు. నాన్న రాసుకున్నారు.