కంచం ఎవరు తీయాలి

మొన్న సింగపూర్ నుంచి సెలవు మీద ఊరెళ్లిన మూడో రోజునే మా మేనత్త చేత తిట్లు తిన్నాను. తప్పు మా వాడిది, తిట్లు నాకు.

జరిగింది చిన్న విషయమే. మా వాడు భోంచేసి, కంచంలోనే చెయ్యి కడిగేసుకుని, ఫోన్ చూసుకుంటూ లేచి వెళ్లిపోయాడు. మా ఆవిడ పెరట్లో ఏదో పనిలో ఉంది. నడిచే దారిలో ఎంగిలి కంచం ఎందుకని నేనే తీసి నూతి దగ్గర పెట్టాను. అక్కడ మేముండే డార్మిటరీలో ఇన్నేళ్లుగా నా కంచం నేనే కడుక్కుంటున్నాను కదా, చేతికి అలవాటైన పని. అత్త అరుగు మీద నుంచి చూసేసింది.

"ఏటిరా అది? కొడుకు ఎంగిలి కంచం తండ్రి తీయడమేటి? గుంటడికి పంతొమ్మిదేళ్లు వచ్చినాయి. డబ్బులు పంపీసి పంపీసి నువ్వే సెడగొట్టినావు వాడిని."

నవ్వేసి ఊరుకున్నాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అత్తతో మనసులోనే వాదన పెట్టుకున్నాను. నేను పంపకపోతే ఇంటి మీద స్లాబు పడేదా? 2018లో తిత్లీ తుఫానుకి కొబ్బరి తోట మొత్తం నేలకొరిగితే మళ్లీ మొక్కలు పెట్టగలిగేవాళ్లమా? నాన్న దగ్గర లేడన్న లోటు పిల్లాడికి తెలియకూడదని అడిగిందల్లా కొన్నాం. బుల్లెట్ బండి అలా వచ్చిందే. ఇందులో చెడగొట్టడం ఏముంది?

అలా దొర్లుతూ ఉంటే మా బాస్ కొడుకు గుర్తొచ్చాడు. వాడి సంగతి చెప్పాలి.

నేను 2008లో సింగపూర్ వెళ్లాను, పైప్ ఫిట్టర్‌గా. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి అలా వెళ్లినవాళ్లు ఊరూరా ఉన్నారు. ఇప్పుడు తువాస్‌లో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపులో సూపర్‌వైజర్‌ని. షిప్‌యార్డులకి పైపులు తయారుచేసి ఇచ్చే సబ్ కాంట్రాక్టు కంపెనీ. బాస్ చైనీస్ మనిషి, వెల్డరుగా మొదలుపెట్టి ఇంతవరకూ వచ్చినవాడు. ఒక్కడే కొడుకు. వాణ్ని మేమంతా చిన్న బాస్ అనేవాళ్లం, వెటకారంగానే.

పదిహేడేళ్ల వయసులో సెలవులకి వర్క్‌షాపుకి వచ్చేవాడు. కారు దిగి తిన్నగా ఏసీ గదిలోకి. కాఫీ కప్పు ఎక్కడ తాగితే అక్కడే. వాడి బ్యాగు ఇంట్లో పనిచేసే ఇండోనేషియా అమ్మాయి మోసుకొచ్చేది. ఒకరోజు షూ లేసు ఊడితే ఆ అమ్మాయి వంగి కట్టడం నా కళ్లతో చూశాను. "వీడు సరాసరి పట్టాభిషేకానికే పుట్టాడ్రా" అన్నాడు మా గ్యాంగులో ఒకడు. ఇలాంటి పిల్లలు అక్కడ వీడొక్కడే కాదు. 2011లో సైనికుడి యూనిఫాం వేసుకున్న కుర్రాడు ముందు నడుస్తుంటే, వాడి బరువైన బ్యాగు పనమ్మాయి వీపున వేసుకుని వెనక నడుస్తున్న ఫోటో ఒకటి దేశమంతా తిరిగింది. చాలా రోజులు నవ్వుకున్నారు, తిట్టుకున్నారు.

యూనిఫాం అంటే, అక్కడ మగపిల్లలకి నేషనల్ సర్వీస్ తప్పదు. 1967 నుంచీ ఉన్న చట్టం. పద్దెనిమిది నిండాక రెండేళ్లు. 2004కి ముందు రెండున్నరేళ్లు ఉండేది. సైన్యం, పోలీసు, సివిల్ డిఫెన్స్, వాళ్లు ఎక్కడ వేస్తే అక్కడికి పోవాలి. యుద్ధం ఏమీ లేదు. అయినా మంత్రి కొడుకైనా, టాక్సీ తోలేవాడి కొడుకైనా గుండు గీయించుకోవాల్సిందే. రెండేళ్లయ్యాక కూడా పూర్తిగా వదిలిపెట్టరు, రిజర్విస్టు క్యాంపులకి పిలుస్తూనే ఉంటారు. అక్కడే పెరిగిన పర్మనెంట్ రెసిడెంట్ల పిల్లలకీ ఇదే లెక్క. ఉగాది భోజనాల దగ్గర మన ఐటీ కుటుంబాలవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునే సంగతుల్లో ఇదొకటి. మేం వడ్డనకి సాయం వెళ్తాం కాబట్టి చెవిన పడుతుంది.

మా బాస్ కూడా ముందు తప్పించే దారి చూశాడు. మెడికల్‌లో గ్రేడు తగ్గితే ఆఫీసు పని వేస్తారేమోనని, చిన్నప్పుడు ఎప్పుడో వచ్చిన ఉబ్బసం కాగితాలు వెతికించాడు. పనికి రాలేదు.

చేరాల్సిన రోజు వ్యాను నేనే తోలాను. చాంగీ దగ్గర ఫెర్రీ ఎక్కితే టెకాంగ్ అనే దీవి, శిక్షణంతా అక్కడే. తల్లిదండ్రులు కూడా ఆ పడవలోనే వెళ్లి, పిల్లలు పడుకునే మంచాలు చూసుకుని, వాళ్లతో పాటు అక్కడి వంట ఒక పూట తిని వస్తారు. అంటే అత్తారింటికి ఆడపిల్లని దిగబెట్టి వచ్చినట్టే. నేను ఒడ్డునే ఆగాను. చిన్న బాస్ పడవ ఎక్కకముందే తల్లి భుజం పట్టుకుని ఏడ్చేశాడు. నాకు జాలి వేయలేదు. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, ఒళ్లు మండింది.

ఎందుకు మండిందో మా శ్రీకాకుళం వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2000లో నేను కూడా మిలిటరీ కోసం తెల్లవారుజామున నాలుగింటికి లేచి రోడ్డు పక్కన పరిగెత్తినవాణ్నే. విశాఖలో సెలక్షన్. పరుగు అందుకున్నాను. తొమ్మిదడుగుల గొయ్యి దూకాను. బీమ్ పట్టుకుని పది లాగాను, అరచేతుల చర్మం ఊడొచ్చింది. ఛాతీ కొలిచే చోట పోయింది. ఊపిరి పీలిస్తే అయిదు సెంటీమీటర్లు పెరగాలి. నాకు నాలుగే పెరిగింది. టేపు పట్టుకున్న హవల్దారు మంచివాడే, "ఔర్ ఫులావ్, ఔర్" అని రెండుసార్లు అవకాశం ఇచ్చాడు. లోపల ఇంక గాలి లేదు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి పుట్టిన జిల్లాలో పుట్టి ఛాతీ చాలక ఇంటికొచ్చాను. (వీరఘట్టం ఇప్పుడు మన్యం జిల్లాలోకి పోయిందనుకోండి. అప్పటికి మాదే.)

నాకు బతిమాలినా దొరకనిది, పిలిచి ఇస్తుంటే వీడు ఏడుస్తున్నాడు. వ్యానులో కూర్చుని స్టీరింగు మీద కొట్టుకుంటూ ఇదే అనుకున్నాను.

ఆ తరవాత కొన్ని వారాలకి ఒక సాయంత్రం అందరూ లారీ ఎక్కేస్తుంటే ఓవర్ టైము షీట్ల మీద సంతకాల కోసం ఆఫీసు గదిలోకి వెళ్లాను. బాస్ ఒక్కడే బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందర తెల్ల కాగితం. పక్కన నలిపి పడేసిన కాగితాలు మూడో నాలుగో. కుర్రాళ్లని అడవిలో ఫీల్డ్ క్యాంపుకి తీసుకెళ్తారట. నేలలో గొయ్యి తవ్వుకుని అందులోనే పడుకోవాలి, స్నానం ఉండదు, ఒంటికి పౌడరే. ఆ క్యాంపులో ఒక రాత్రి ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు చేతికిస్తారట. అందుకని తల్లిదండ్రుల్ని రాసి పంపమన్నారు. బాస్ చేతులు వెల్డింగు చేతులు, వేళ్ల మీద కాలిన మచ్చలు. ఆ వేళ్లతో పెన్ను పట్టుకుని చైనీస్ అక్షరాలు ఒక్కొక్కటే గీస్తున్నాడు. "ఏం రాయాలి? నువ్వూ తండ్రివే కదా" అని నన్ను అడిగాడు. నాకేం తెలుసు? మా వాడికి నేను ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. ఫోన్‌లో "తిన్నావా, ఫీజు కట్టావా" తప్ప ఇంకో మాట గుర్తు రాలేదు. "బాగా తినమని రాయండి" అన్నాను. రాశాడో లేదో.

కుర్రాడు మారడం ఒక్కరోజులో ఏమీ జరగలేదు. మొదటిసారి ఇంటికి వదిలినప్పుడు పధ్నాలుగు గంటలు పడుకున్నాడట. రెండోసారో మూడోసారో వచ్చినప్పుడు దుప్పటి అంచులు సమానంగా మడతపెట్టి పెడితే, తన ఉద్యోగం ఊడుతుందేమోనని పనమ్మాయి కంగారు పడిందట. ఇది బాస్ నవ్వుతూ చెప్పాడు. మాకు పెద్దగా నమ్మకం కలగలేదు.

2019లో వాడి రెండేళ్లూ అయిపోయాయి. యూనివర్సిటీ తెరిచేలోగా కొన్ని నెలలు ఖాళీ. మళ్లీ వర్క్‌షాపుకి వచ్చాడు. ఈసారి ఏసీ గదిలోకి వెళ్లలేదు. మొదటి రోజు చీపురు పట్టుకుని గ్రైండింగ్ దగ్గర ఇనుప పొడి ఊడ్చాడు. నటిస్తున్నాడనుకున్నాం. రెండో రోజూ ఊడ్చాడు.

ఒక మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద పైపుల్ని కలిపే పెద్ద ఫ్లాంజ్ బిగిస్తున్నాం. దాని బోల్టులు వరసగా బిగించకూడదు, ఎదురెదురుగా ఒకటి ఇటు ఒకటి అటు బిగించుకుంటూ రావాలి, లేకపోతే ఒక పక్కకి ఒరిగి లీకవుతుంది. మధ్యలో ఆపితే లెక్క తప్పుతుందని పొద్దున్నుంచి నీళ్ల దగ్గరికి వెళ్లలేదు. వెనక నుంచి "అన్నా" అని వినపడింది. క్యాంపులో వాడి పక్క మంచం సింగపూర్ తమిళ కుర్రాడిదట. వాడి దగ్గర నేర్చుకున్న మాట. మాది తమిళం కాదని వాడికి తెలీదు, తెలిసినా ఆ మాట మనకీ సరిపోయింది.

చేతిలో నీళ్ల సీసాల అట్టపెట్టె. ఒకటి ఇచ్చాడు. రెండు గుక్కలు తాగి పక్కన పెట్టబోయాను. "అలా కాదు, మొత్తం" అన్నాడు. క్యాంపులో వాటర్ పెరేడ్ అని ఉంటుందట, ఆర్డరు వేసి నీళ్లు తాగిస్తారు. తాగామని రుజువుకి ఖాళీ సీసా తలమీద బోర్లించి చూపించాలి. అక్కడున్న పన్నెండు మందిమీ, బంగ్లాదేశ్ వాళ్లు, తమిళులు, నేను, వరసగా నిలబడి సీసాలు హెల్మెట్ల మీద బోర్లించాం. నా సీసాలో కాసిని మిగిలాయి, మెడ మీద నుంచి వీపులోకి జారాయి. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. ఇంకో సీసా ఇచ్చి నేను తాగేదాకా నిలబడ్డాడు.

మా నాన్న కిడ్నీ జబ్బుతో పోయాడు. ఉద్దానంలో ఆ జబ్బుకి కారణం ఇదీ అని ఇంతవరకూ తేల్చి చెప్పలేదు. ఎండలో చెమటోడ్చి నీళ్లు తక్కువ తాగడం కూడా ఒకటి కావచ్చని డాక్టర్లు అంటారు. తోటలో పొద్దంతా పనిచేసే మనిషి ముందు నిలబడి, అయిపోయేదాకా తాగించినవాళ్లం మా ఇంట్లో ఎవరూ లేము. నాతో సహా.

సరే, కుర్రాడు బాగుపడ్డాడు, ఒప్పుకుంటాను. కానీ ఇదంతా మిలిటరీ మహిమ అని అక్కడివాళ్లు అంటుంటే మాత్రం నాకు మింగుడు పడదు. మా ఊళ్లో పద్దెనిమిదేళ్లకే మనిషి కావడానికి ఏ చట్టమూ అక్కర్లేకపోయింది. తండ్రి మంచాన పడితే చాలు, గుంటడు తెల్లారేసరికి పెద్దవాడైపోయేవాడు. నా చేత ఇంజన్ వేయించి పొలానికి నీళ్లు పెట్టించింది ఏ సార్జెంటు? పైగా చిన్న బాస్ పడ్డ కష్టానికి కింద పరుపు ఉంది. రెండేళ్లయ్యాక యూనివర్సిటీ ఉంది, ఆ తరవాత తండ్రి కుర్చీ ఉంది. కష్టం ఎన్నాళ్లో ముందే తెలిస్తే ఎవడైనా పడతాడు.

ఇలా అనుకుంటాను. అనుకున్నాక, మా వాడికి ఆ ఇంజన్ తాడు చుట్టే అవసరం రాకుండా చేసింది ఎవరని అత్త గొంతు వినపడుతుంది.

మర్నాడు పొద్దున్న మెల్లగా కదిపాను. స్కూలు గ్రౌండులో కుర్రాళ్లు పరిగెడుతున్నారు కదా, నువ్వూ అగ్నివీర్‌కి ప్రయత్నించరాదా అని. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో పూర్తిచేస్తే ఫుల్ మార్కులని కూడా చెప్పాను. ఫోన్ లోంచి తల ఎత్తకుండానే అన్నాడు, "నాలుగేళ్లయ్యాక నూటికి ఇరవై అయిదు మందినే ఉంచుకుంటారు నాన్నా. మిగతావాళ్లు పదకొండు లక్షల చిల్లర పట్టుకుని ఇంటికి. అప్పుడేం చెయ్యాలి?"

2022లో ఈ పథకం వచ్చినప్పటి నుంచీ నా దగ్గరా దానికి జవాబు లేదు. "పోనీ నా దగ్గరికి వచ్చెయ్యి" అన్నాను.

"పైపులు మొయ్యడానికా?"

వాడు వెటకారంగా అనలేదు, మామూలుగానే అన్నాడు. అదే ఎక్కువ తగిలింది. ఆ పైపుల మీదే వాడి బండికి పెట్రోలు పడుతోందని నోటిదాకా వచ్చింది. అన్లేదు. మళ్లీ ఎన్నాళ్లకి చూస్తానో.

ఆ పూట భోజనాలయ్యాక నా కంచం తీసి నూతి దగ్గరికి పట్టుకెళ్లి కడిగాను. వాడి కంచం ముట్టుకోలేదు. సాయంత్రం దాకా అక్కడే ఉంది, ఈగలు మూగాయి. మా ఆవిడ నన్ను ఒక చూపు చూసి, తనే తీసింది.

వెళ్లే రోజు సోంపేట స్టేషన్‌కి వాడే దిగబెట్టాడు. ఆటోలో సామాను, వెనకాల బుల్లెట్ మీద వాడు. పెద్ద బ్యాగు నిండా జీడిపప్పు, ఆవకాయ, డార్మిటరీలో పదిమందికి పంచాల్సినవి. చిన్న బ్యాగులో బట్టలు. విశాఖ రైలు వస్తోందని అనౌన్స్ చేశారు. పెద్ద బ్యాగు భుజానికి తగిలించుకుని వంగేసరికి చిన్న బ్యాగు అక్కడ లేదు. వాడు దాన్ని పట్టుకుని, ఫోన్ చెవికి పెట్టుకుని, నా బోగీ ఆగే చోటు వెతుక్కుంటూ ముందు నడుస్తున్నాడు.