మాంటిచెల్లోలో తిరిగే తలుపు

నిన్న వర్జీనియాలో అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఇల్లు, మాంటిచెల్లో చూసొచ్చాం. భోజనాల గదిలో గిర్రున తిరిగే తలుపు ఒకటుంది, దానికి వెనకవైపు అరలు. అటునుంచి గిన్నెలు సర్ది తిప్పితే వంటకాలు ఇటు వస్తాయి, తెచ్చిన మనిషి కనబడడు. తెలివైన ఏర్పాటే అనుకున్నా. తర్వాత కడుపులో ఏదోలా అయింది.

ఇక్కడి వంటవాడు జేమ్స్ హెమింగ్స్ బానిస. పారిస్‌లో వంట నేర్చుకున్నాడు. ఇంకొకరికి ఆ వంటంతా నేర్పితేనే విడుదల అని షరతు. తమ్ముడికి నేర్పించి 1796లో బయటపడ్డాడు. వెళ్ళేముందు వంటింటి సామాను జాబితా తన చేత్తో రాసిచ్చాడు.

కిందికి దిగితే మల్బెరీ రో అనే బాట, ఇనుప మేకులు తయారుచేసిన చోటు. పనివాళ్ళు పది నుంచి పదహారేళ్ళ బానిస పిల్లలు. ఎవడు ఎంత ఇనుము వృథా చేశాడో జెఫర్సన్ లెక్క రాసుకునేవాడు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో మనుషులంతా సమానమని రాసిన చెయ్యే కదా అది!

ఆయన పోయాక, 1827లో, అప్పులు తీర్చడానికి 130 మంది బానిసల్ని వేలానికి పెట్టారు.

మావాడికి పదకొండేళ్ళు. "నేనైతే మేకులు కొట్టే బ్యాచ్‌లో ఉండేవాణ్ణా నాన్నా?" అన్నాడు. కారు దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.