ఎర్రమట్టి అంతా ఒకటి కాదు: కుండీలో పోసే ముందు చూడాల్సినవి

విశాఖలో మిద్దె తోట మొదలుపెట్టేవారు ముందుగా అడిగేది ఎరువుల గురించి. అంతకంటే ముందు తేలాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. తెచ్చుకున్న మట్టిలో నీరు దిగడానికి, గాలి ఆడడానికి సందులు ఎన్ని ఉన్నాయి? అవి వానకు నిలుస్తాయా? వేరుకు ఊపిరి ఆడని చోట ఎంత వర్మీకంపోస్టు వేసినా మొక్క ఎదగదు.

మధురవాడ, కొమ్మాది, ఆనందపురం వైపు నుంచి బస్తాల్లో వచ్చేదాన్ని అందరూ ‘ఎర్రమట్టి’ అనే అంటారు. రంగు చూసి కొంటాం కానీ రంగు చెప్పేది తక్కువ. సింహాచలం, కైలాసగిరి కొండల రాయి ఖొండలైట్. అందులోని గార్నెట్ అనే ఖనిజం శిథిలమైనప్పుడు బయటపడిన ఇనుము తుప్పే ఆ ఎరుపుకు మూలం. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలూ ఎర్రగానే ఉంటాయి. కానీ అక్కడున్నది చాలావరకు ఇసుక, దాని రేణువులకు ఇనుప పూత అంటుకుంది. పట్టి ఉంచే బంక (మట్టిలోని అతి సన్న రేణువులు) తక్కువ కాబట్టే వాననీరు ఆ దిబ్బలను లోతైన గండ్లుగా కోసేసింది. (అది రక్షించుకోవాల్సిన భూవారసత్వ స్థలం. అక్కడి మట్టిని తాకొద్దు.) కొండ వాలు మీద పైపొరలో ఇసుక పాలు ఎక్కువ, అడుగు తవ్వేసరికి బంక పెరుగుతుంది. లారీలోకి ఏ పొర ఎక్కిందన్న దాన్నిబట్టి మీ బస్తాలో మట్టి మారిపోతుంది.

అందుకే సీసా పరీక్ష చేయాలి. 2 మిల్లీమీటర్ల కన్ను జల్లెడతో మట్టిని జల్లించండి. నిటారుగా ఉండే గాజు సీసాలో 5 సెంటీమీటర్ల మేర పోసి, నీళ్లు 15 సెంటీమీటర్ల ఎత్తు వరకు నింపి, నురగ రాని గిన్నెల పొడి ఒక చెంచా వేసి, రాత్రంతా నాననివ్వండి. పొద్దున అయిదు నిమిషాలు గట్టిగా కుదిపి కదలకుండా పెట్టండి. నిమిషంలో ఇసుక అడుగుకు చేరుతుంది, అక్కడ గీత పెట్టండి. ఆపై ఒండ్రు (ఇసుక కంటే సన్నవి, బంక కంటే ముతకవైన రేణువులు) దిగడానికి సుమారు 9 గంటలు పడుతుంది. చాలామంది రెండు గంటలకే గీత గీసేస్తారు. అప్పటికి సన్న ఒండ్రు ఇంకా నీళ్లలోనే ఉంటుంది, అది బంక లెక్కలోకి వెళ్లిపోతుంది. మిగిలిన బురద తేరడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. ఇసుక 3 సెంటీమీటర్లు, ఒండ్రు 1.1, బంక 0.9 వచ్చాయనుకోండి. మొత్తం 5లో అవి 60, 22, 18 శాతం. మూడూ కలిసి, ఇసుక పాలు ఎక్కువున్న ఇలాంటి మట్టిని ఇసుక గరప అంటారు, కుండీలకు మంచి మట్టే.

ఈ పరీక్షను చెడగొట్టేవి మూడున్నాయి. ఇనుము పట్టేసిన చిన్న ఉండలు నానకపోతే అవీ ఇసుకతో పాటే దిగి, మట్టిలో ఉన్నదానికంటే ఇసుక ఎక్కువగా కనిపిస్తుంది. దిగిన గీత దగ్గరి రేణువులను వేళ్ల మధ్య నలిపి చూడండి, చిదిగితే అవి ఉండలే. రెండోది బోరు నీళ్లు. సముద్రం దగ్గరి ఉప్పు నీళ్లలో, సున్నం ఎక్కువున్న నీళ్లలో బంక రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గంటలోనే దిగిపోతాయి. వాననీళ్లు గానీ ఆర్వో నీళ్లు గానీ వాడండి. మూడోది, బంక నీళ్లు పట్టుకుని వదులుగా దిగుతుంది కాబట్టి దాని మందం నిజానికి కొంచెం ఎక్కువగానే కనిపిస్తుంది.

సీసా లేనప్పుడు చెయ్యి చాలు. తడి మట్టిని చపాతీ పిండిలా పిసికి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టీలా బయటికి నెట్టండి. 2.5 సెంటీమీటర్లు రాకుండానే తెగితే గరప. 5 దాటి నిలిస్తే బంకమట్టి.

రేణువుల పాళ్లు మన చేతిలో లేనివి. వాటి కూర్పు, అంటే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని సందులు ఏర్పడే తీరు మాత్రం మనం చేసుకునేదీ, మనం పాడుచేసుకునేదీ. నల్లరేగడి ఎండితే నెర్రెలు విచ్చి, తడిస్తే ఉబ్బి, కొంతవరకు తనంతట తానే గుల్లబడుతుంది. మన ఎర్రమట్టిలోని బంక ఎక్కువగా కయోలినైట్ రకం, అది ఉబ్బదు. ఒకసారి అణిగితే అణిగినట్టే ఉండిపోతుంది. కాబట్టి ఈ మట్టిని తడిగా ఉన్నప్పుడు తొక్కడం, కుండీలో పోసి అరచేత్తో అదమడం చాలా నష్టం. పిడికిట్లో ఉండ చేసి వేలితో తడితే పొడిపొడిగా విడిపోవాలి. అదే పదును. మట్టి కలపడం, కుండీ మార్చడం ఆ పదునులోనే.

కూర్పు గట్టితనం తెలుసుకోవడానికి శనగగింజంత ఎండుగడ్డను గ్లాసు నీళ్లలో వదలండి. అయిదు నిమిషాలైనా నిలిచిందంటే బాగుంది. నిమిషంలోనే కూలి పొడైతే సేంద్రియం చాలదు. అలాంటి మట్టి మీద చినుకు నేరుగా పడితే చెక్కు కట్టి, మొలక పైకి రాదు. ఎండుటాకులో గడ్డో 5 సెంటీమీటర్లు కప్పితే చెక్కు కట్టదు. గడ్డ చుట్టూ నీళ్లు పాలలా తెల్లబారితే అది సోడియం పని. ఉప్పు బోరు నీళ్లు పోసిన కుండీల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. దీనికి జిప్సం వేసి, మంచినీళ్లతో ఉప్పు కడిగేయాలి. కంపోస్టు ఒక్కటే దీన్ని బాగుచేయలేదు.

ఇక ఖాళీల లెక్క. పెరట్లో నేల ఎంత అణిగిందో ఒక డబ్బా చెబుతుంది. 7.5 సెంటీమీటర్ల అడ్డుకొలత, 8 ఎత్తున్న డబ్బాకు రెండు మూతలూ కోసేయండి. ముందురోజు తడిపిన నేలలో, పైన చెక్క పెట్టి సుత్తితో దించి, నిండా మట్టితో తవ్వి తీసి, అంచులు సమంగా కోయండి. ఆ మట్టిని 105 డిగ్రీల వద్ద ఒక రోజు ఆరబెట్టి తూచండి. డబ్బా పరిమాణం 353 ఘన సెంటీమీటర్లు. బరువు 530 గ్రాములొస్తే సాంద్రత 1.5. మట్టి రేణువు సాంద్రత 2.65. 1.5ను 2.65తో భాగిస్తే రేణువులు 57 శాతం, మిగిలిన ఖాళీ 43 శాతం. ఇసుక గరపకు ఇది ఫర్వాలేదు. బంకమట్టిలో అదే 1.5 వస్తే వేరు దిగదు, ఎందుకంటే అందులోని ఖాళీలన్నీ సన్నవి, నీళ్లను పట్టుకుని వదలవు. మొత్తం ఖాళీ కంటే పెద్ద సందులు ఎన్నున్నాయన్నదే ముఖ్యం.

బంకమట్టిని బాగుచేయడానికి ఇసుక కలపమని సలహా ఇస్తుంటారు. నేను ఒప్పుకోను. కొద్ది ఇసుక వేస్తే ఆ రేణువులు బంకలో కూరుకుపోయి మట్టి ఇంకా గట్టిపడుతుంది. సగానికి పైగా వేస్తే తప్ప ఇసుక ఇసుకను తాకదు, సందులు రావు. బీచ్ ఇసుక అసలే వద్దు, అందులో ఉప్పూ గవ్వల పొడీ ఉంటాయి. కుండీలకు నా లెక్క ఇది: ఇసుక గరప ఎర్రమట్టి నాలుగు పాళ్లు, బాగా మాగిన కంపోస్టు మూడు, వరి ఊక రెండు, కొబ్బరిపొట్టు ఒకటి. ఎండాకాలం ముందు ఊక ఒక పాలు తగ్గించి పొట్టు పెంచుకోవచ్చు. వానాకాలంలో పొట్టు ఎక్కువైతే అక్టోబరు వాయుగుండాలకు కుండీ వారమైనా ఆరదు. ఉత్త ఎర్రమట్టి నింపిన 20 లీటర్ల బకెట్ తడిస్తే 35 కిలోలకు చేరుతుందని, ఆ బరువంతా మోసేది మిద్దె కప్పేనని కూడా గుర్తుంచుకోండి.

కుండీ అడుగున కంకర పరచడం మానేయండి. సన్న సందుల్లోని నీరు కంకర పెద్ద సందుల్లోకి సులువుగా జారదు. మట్టి అడుగు భాగంలోనే నిండి ఆగుతుంది. కంకర వేసినకొద్దీ ఆ తడిపట్టీ వేళ్ల దగ్గరికి జరుగుతుంది. కన్నాల మీద వల ముక్క వేస్తే చాలు. లోతు తక్కువ ట్రేలలో అదే మట్టి ఎప్పుడూ బురదగా ఉండేదీ ఇందుకే, కాబట్టి ట్రేలకు ఊక పాలు పెంచండి.

నేలలో మామిడో సంపెంగో నాటేవారు గొయ్యి తవ్వాక నీళ్లు నింపి ఇంకనివ్వండి. రెండోసారి నింపి గంటకు ఎంత దిగిందో కొలవండి. ఒక సెంటీమీటరు కూడా దిగకపోతే అడుగున బుల్డోజరు అణచిన పొరో, శిథిలాలు పోసి చదును చేసిన లేఅవుట్ నేలో ఉంటుంది. గునపంతో ఆ పొరను పగలగొట్టండి, వీలుకాకపోతే గట్టు పోసి పైన నాటండి. తడి బంకలో తవ్విన గొయ్యి గోడలు పార తగిలి నున్నగా మెరుస్తాయి. ఆ నునుపు మీద వేరు గుండ్రంగా తిరుగుతుందే తప్ప బయటికి పోదు. మొక్క దించే ముందు గోడల్ని గునపం మొనతో గీరేయండి.