తొప్పి నాదం వినిపించే హెడ్‌ఫోన్ కోసం

చిన్నతనంలో ఆరేళ్లపాటు మృదంగం నేర్చుకున్నాను. కచేరీకి ముందు మా గురువుగారు బొంబాయి రవ్వను కొద్ది నీళ్లతో తడిపి, మెత్తని ముద్ద చేసి, మృదంగం ఎడమవైపు ముఖమైన తొప్పి మధ్యలో అద్దేవారు. కొంచెం కొంచెంగా ముద్దను పెంచుతూ, మధ్యమధ్య చేత్తో తట్టి వింటూ, కుడివైపు శ్రుతికి ఒక స్థాయి కిందికి నాదం దిగేదాకా ఆయన ఆగేవారు కారు. ఆ ముద్ద బరువు వల్ల చర్మం నెమ్మదిగా కంపిస్తుంది, ధ్వని మంద్రంలోకి దిగుతుంది. ఆ చర్మాన్ని మణికట్టుతో నొక్కుతూ నాదాన్ని జార్చే గుంకి, ఎదురుగా కూర్చున్నవారికి చెవిలో కంటే ఛాతీలో ఎక్కువగా తెలుస్తుంది. నేను లోతైన బేస్ ఉన్న హెడ్‌ఫోన్ కోసం ఇన్నాళ్లు వెతికింది ఆ గుంకి కోసమే.

మొదటిసారి అట్టపెట్టె మీది రాతలు నమ్మి కొన్నాను. 50 మిల్లీమీటర్ల డ్రైవర్లు (లోపల ధ్వనిని పుట్టించే చిన్న స్పీకర్లు), 20 నుంచి 20,000 హెర్ట్‌జ్‌ల (సెకనుకు అన్ని కంపనాల) వరకు స్పందన, పెద్ద అక్షరాలతో బేస్ గురించిన ప్రశంస అన్నీ దాని మీద ఉన్నాయి. ఇంటికి వచ్చి ఒక తని ఆవర్తనం, అంటే కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే భాగం, పెట్టుకుంటే తొప్పి మోత బ్రహ్మాండంగా ఉంది కానీ, గుంకి మాత్రం లేదు. నాదం జారవలసిన చోట ఒకే ధ్వని గుమ్మని ఉబ్బి, చప్పున పడిపోయేది. గాయకుడి గొంతు దుప్పటి కప్పుకొని పాడుతున్నట్టు మసకబారింది. బేస్ ఎక్కువగా ఉండడం వేరు, లోతుగా ఉండడం వేరు అని నాకు తెలిసింది అప్పుడే.

మనిషి చెవి సుమారు 20 హెర్ట్‌జ్ నుంచి వినగలదు. మనం బేస్ అని పిలిచేది అక్కడి నుంచి దాదాపు 250 హెర్ట్‌జ్ వరకు ఉన్న భాగాన్ని. అందులో 60కి కింద ఉన్నదే అసలు లోతు. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్‌జ్ దగ్గర, పియానోలో అన్నిటికంటే కింది మెట్టు 27.5 హెర్ట్‌జ్ దగ్గర పలుకుతాయి. బేస్ పేరుతో అమ్మే హెడ్‌ఫోన్లలో చాలావాటిలో ఈ అడుగు భాగం బలహీనంగానే ఉంటుంది, దాని పైన 100 నుంచి 200 హెర్ట్‌జ్‌ల మధ్య మాత్రం ఒక గుట్టలా ఎత్తి ఉంచుతారు. కొన్న రోజున ఆ గుట్ట దమ్ముగా అనిపిస్తుంది. అయితే స్వరం జారే వాద్యం విన్నప్పుడు, ఆ గుట్ట మీదికి వచ్చిన క్షణంలో నాదం ఉబ్బుతుంది, దాటిన క్షణంలో తగ్గిపోతుంది. పెట్టె మీది 20 హెర్ట్‌జ్ అంకె కూడా, ఆ చోట ధ్వని ఎన్ని డెసిబెల్స్ తగ్గిందో చెప్పనంతవరకు, ఏమీ చెప్పనట్టే.

అందుకే ఆ తరువాత దుకాణానికి వెళ్లినప్పుడల్లా ఫోన్‌లో ఒక టోన్ జనరేటర్ యాప్ పెట్టుకొని వెళ్లాను. 200 హెర్ట్‌జ్ నుంచి మొదలుపెట్టి మెల్లగా కిందికి దించుతూ వినాలి. మంచి హెడ్‌ఫోన్‌లో ధ్వని ఎక్కడా ఎగిరిపడకుండా దిగుతూ, 40 దాటి 30 దగ్గరికి వచ్చేసరికి శబ్దం కంటే కదలికలా అనిపిస్తుంది. నాసిరకం వాటిలో 60 దగ్గరే సన్నబడిపోతుంది, లేదా బరబరమనే రాపిడి మొదలవుతుంది. వినేటప్పుడు వాల్యూమ్ మధ్యస్థంగానే ఉంచి, మధ్యలో మార్చకూడదు.

ఇక్కడే నాకు అసలు పాఠం ఎదురైంది. ఒక హెడ్‌ఫోన్ దుకాణంలో అద్భుతంగా వినిపించి, ఇంట్లో పేలవంగా వినిపించింది. రెండు రోజులు వైర్‌ను, ఫోన్‌ను, పాటల ఫైళ్లను అనుమానించాను. మూడో రోజు రాత్రి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి పడుకొని వింటుంటే, దుకాణంలో విన్న లోతు తిరిగి వచ్చింది. దుకాణంలో కూడా నేను కళ్లద్దాలు తీసే విన్నానన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. చెవి వెనుకకు వెళ్లే కళ్లద్దాల కాడ, హెడ్‌ఫోన్ మెత్తకు, చర్మానికి మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు చేస్తోంది. నా లోతైన బేస్ అంతా ఆ సందులోంచే పోతోంది.

దీనికి కారణం సులభంగానే అర్థమవుతుంది. మంద్రధ్వనికి డ్రైవర్ చెవి ముందున్న కొద్దిపాటి గాలిని మొత్తంగా నొక్కి వదలాలి. చెవికి, డ్రైవర్‌కు మధ్య ఉన్న ఆ చోటు మూసి ఉంటేనే ఆ ఒత్తిడి నిలుస్తుంది. పై స్థాయి ధ్వనులు వేగంగా మారిపోతాయి కాబట్టి చిన్న సందు వాటిని పెద్దగా బాధించదు. మంద్రధ్వనిలో ఒత్తిడి నెమ్మదిగా మారుతుంది కనుక గాలికి ఆ సందులోంచి తప్పించుకొనేంత సమయం దొరుకుతుంది. చెవి లోపలికి పెట్టుకొనే ఇయర్‌ఫోన్లకు ఈ విషయం ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. పెట్టెలో వచ్చే మూడు కొలతల సిలికాన్ టిప్పులను ఎవరూ ఓపికగా మార్చి చూడరు. నా ఎడమ చెవికి మధ్య కొలత, కుడి చెవికి పెద్ద కొలత సరిపోతాయని తెలియడానికి నాకే చాలాకాలం పట్టింది. తోలులాంటి మెత్తలు మన ఉక్కపోతకు, చెమటకు పొరలు పొరలుగా లేచిపోయినప్పుడు కూడా మొదట పోయేది బేసే కాబట్టి, మెత్తలు విడిగా దొరికే మోడల్‌నే కొనాలని గట్టిగా చెబుతాను.

వెనుక భాగం తెరిచి ఉండే హెడ్‌ఫోన్లు నా అవసరానికి పనికిరాలేదు. వాటిలో పాట విశాలంగా ఉంటుంది కానీ, మామూలు డైనమిక్ డ్రైవర్లతో చేసినవాటిలో అడుగు భాగం పలచబడుతుంది. బస్సులో, రైలులో వినేవారికి మాత్రం బయటి రొదను తగ్గించే నాయిస్ క్యాన్సిలేషన్ నిజంగా మేలు చేస్తుంది. ఇంజిన్ గుర్రుమనే రొద కూడా మంద్రస్థాయిలోనే ఉండి పాటలోని బేస్‌ను మింగేస్తుంది. ఆ రొద తగ్గితే వాల్యూమ్ పెంచకుండానే బేస్ బయటపడుతుంది.

వాల్యూమ్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. అమెరికా పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ 1933లో చూపించినట్టు, ధ్వని తగ్గేకొద్దీ మన చెవికి మంద్రస్థాయి మిగిలినవాటి కంటే త్వరగా మరుగవుతుంది. బేస్ చాలలేదని చేయి వాల్యూమ్ మీదికే పోవడానికి కారణం అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. ఆ స్థాయి పెరిగేకొద్దీ వినదగిన సమయం వేగంగా కుదించుకుపోతుంది. అందువల్ల నేను వాల్యూమ్‌ను ముట్టుకోకుండా, ఒక్కో స్థాయి ధ్వనిని విడిగా పెంచే, తగ్గించే ఈక్వలైజర్‌లో 80 హెర్ట్‌జ్‌కు కింది భాగాన్ని మాత్రం 4 డెసిబెల్స్ పెంచి, ధ్వని చిరగకుండా మొత్తం స్థాయిని అంతే తగ్గిస్తాను.

చివరికి నేను ఉంచుకొన్నది బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో, 80 ఓమ్‌ల నిరోధం ఉన్న రకం. వెనుక మూసి ఉంటుంది. మెత్తలు వెల్వెట్ లాంటి బట్టతో చేసినవి కావడం వల్ల కళ్లద్దాల కాడ చుట్టూ ఒదుగుతాయి, పాడైతే మార్చుకోవచ్చు. వైర్ మూడు మీటర్ల పొడవు కాబట్టి ఇది బయటికి తీసుకెళ్లేది కాదు, రాత్రి కుర్చీలో కూర్చొని వినేది. ఫోన్‌కు డిజిటల్ పాటను హెడ్‌ఫోన్‌కు అందే విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న డాక్ అడాప్టర్ తగిలించి వాడుతున్నాను. నాకోసం సన్నని కాడలున్న కళ్లద్దాలు కూడా చేయించుకొన్నాను.

దీనిలో మొట్టమొదట విన్నది మా గురువుగారి పాత క్యాసెట్ రికార్డింగ్. ఏళ్లుగా వింటున్నదే. కచేరీ ఇరవై నిమిషాలు దాటాక తొప్పి నాదం కొంచెం కొంచెంగా పైకి పోతూ సన్నబడడం ఈసారి స్పష్టంగా తెలిసింది. రవ్వ ముద్ద ఆరుతోంది. రెండు కీర్తనల మధ్య విరామంలో తడిచేత్తో తట్టిన చప్పుడు నాలుగైదుసార్లు వినిపించింది. తరువాతి పల్లవిలో గుంకి మళ్లీ అడుగుదాకా దిగింది.