బూట్లేసుకుని రూపక తాళం

అమెరికా పల్లె పాటలకి ఆడే కంట్రీ డాన్స్ అనగానే మనవాళ్లలో చాలామందికి టోపీలు పెట్టుకుని వరసల్లో నిలబడి, అందరూ ఒకేసారి ఇటు తిరిగి అటు తిరిగే ఆట గుర్తొస్తుంది. అది లైన్ డాన్స్. జోడీ అక్కర్లేదు, ఆఫీసు పిక్నిక్‌లో కూడా లాగించెయ్యొచ్చు. నేను నేర్చుకుంటున్నవి జోడీ డాన్సులు: టూ-స్టెప్, వాల్ట్జ్, పోల్కా, స్వింగ్. టెక్సస్‌లో, ఆస్టిన్ పక్కన రౌండ్ రాక్‌లో ఇన్నేళ్లుగా కాపురముంటున్నా వీటి జోలికి పోలేదు. అమ్మాయి కాలేజీకి వెళ్లిపోయాక శుక్రవారం సాయంత్రాలు ఖాళీ పడ్డాయి, అదీ అసలు కారణం.

తెనాలికి ఫోన్ చేసి చెబితే మా అమ్మ మొదటి ప్రశ్న, "అల్లుడుగారు కూడా వస్తారా?" వస్తారన్నాను. "మరి నువ్వు ఆయనతోనే ఎగురుతావా, పరాయి వాళ్లతో కూడానా?" అబద్ధం ఎందుకు, పరాయి వాళ్లతో కూడానే. క్లాసులో రెండు మూడు నిమిషాలకోసారి జోడీలు మారుస్తారు. అలా మారితేనే అడుగు మన ఒంటికి పడుతుంది, లేకపోతే ఒక్క మనిషి అలవాట్లకే తర్ఫీదవుతాం. ఎదుటాయన కుడిచెయ్యి నా ఎడమ భుజం వెనక, నా చూపు ఆయన భుజం మీదుగా ఎటో. పాటవగానే థాంక్యూ చెప్పి కుర్చీ దగ్గర దిగబెట్టి వెళ్లిపోతారు. డెబ్బై ఏళ్లు దాటిన పెద్దాయనలు ఈ మర్యాద అక్షరం తప్పకుండా పాటిస్తారు. ఇదంతా విన్నాక మా అమ్మ, "సరేలే, మోకాళ్లు జాగ్రత్త" అంది.

ఇక టూ-స్టెప్ సంగతి. క్లాసులో మాకు చెప్పిన మొదటి మాట "క్విక్ క్విక్ స్లో స్లో". నడిపించేవాళ్లు ఎడమకాలితో ముందుకి, వెంట నడిచేవాళ్లు కుడికాలితో వెనక్కి. క్విక్ అంటే పాటలో ఒక దెబ్బ (బీట్), స్లో అంటే రెండు. మొత్తం కలిపితే 6. పాటేమో నాలుగు నాలుగుగా నడుస్తుంది. అంటే ఒకసారి నా మొదటి అడుగు డ్రమ్ము మొదటి దెబ్బ మీద పడితే, తర్వాతి చుట్టులో అదే అడుగు మూడో దెబ్బ మీద పడుతుంది. మళ్లీ 12 దెబ్బలయ్యాకే రెండూ కలుస్తాయి. మా బ్యాచ్‌లో సాఫ్ట్‌వేర్ వాళ్లంతా ఇక్కడే బోర్లాపడ్డారు. పాట విని అడుగు సరిచేసుకుందామని చూస్తారు, అడుగు సరిగ్గానే ఉంటుంది, దాన్ని చెడగొట్టుకుంటారు.

నాకు మాత్రం చిన్నప్పటి సంగీతం క్లాసు అక్కరకొచ్చింది. రూపక తాళం వేసినవాళ్లకి తెలుసు: ముందు ద్రుతం, తట్టి విసిరితే రెండక్షరాలు, తర్వాత లఘువు, తట్టి మూడు వేళ్లు లెక్కపెడితే నాలుగు. రెండూ నాలుగూ ఆరు. క్విక్ క్విక్ ద్రుతం, స్లో స్లో లఘువు! బ్యాండు ఆది తాళంలో పోతుంటే కాళ్లు రూపకంలో నడవాలి, అంతే. ఆది తాళం ఎనిమిది దెబ్బల లెక్కన చూస్తే రెంటి మొదటి దెబ్బా 24కి గానీ కలవదు. రెంటికీ చుట్టరికం ఉందని నేననడం లేదు. కానీ "ఈ టెక్సస్ వాళ్లకి లెక్క రాదు" అని మా ఆయన విసుక్కుంటుంటే, లెక్క వచ్చింది కాబట్టే ఇలా నడుస్తున్నారని చెప్పగలిగాను. నిమిషానికి 180 దెబ్బల పాటలో ఈ జారుడు కుదిరిందంటే నేల మీద అడుగు ఆనినట్టే ఉండదు. ఆయనకి వాల్ట్జే ఇష్టం. మూడు దెబ్బలు, మూడు అడుగులు, గొడవ లేదు.

హాల్లో అందరూ గడియారానికి ఎదురు దిశలో చుట్టూ తిరుగుతారు. వేగంగా పోయేవాళ్లు అంచు వెంట, నెమ్మదివాళ్లు లోపలి వైపు, ఉన్నచోటే తిరిగే స్వింగ్ వాళ్లు నట్టనడుమ. బోర్డు మీద ఎక్కడా రాసి ఉండదు, కానీ అడ్డంగా నిలబడి ఫోన్ చూసుకున్నారంటే భుజానికో భుజం తగులుతుంది.

వీటన్నిటినీ ఇక్కడ కౌబాయ్ డాన్సులంటారు. పశువుల మందలు తోలే రోజుల్లో కౌబాయ్‌లూ ఆడేవారు, నిజమే. ఆడవాళ్లు చాలకపోతే చేతికి రుమాలు కట్టుకున్న మగాడే ఆ పూటకి ఆడ జోడీ. కానీ అడుగులు వాళ్లు పుట్టించినవి కావు. పోల్కా 1830లలో బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో, మొదలై, 1840లలో పారిస్‌ని ఊపేసి, వలస వచ్చినవాళ్లతో టెక్సస్ చేరింది. వాల్ట్జ్‌కి ఆస్ట్రియా, బవేరియా పల్లెల లాండ్లర్ ఆట తాత వరస. టూ-స్టెప్ కూడా 1890లలో అమెరికా అంతా బ్యాండు సంగీతకర్త సూసా కవాతు పాటలకి ఆడినదే. అప్పటి అడుగు వేరు, అడుగు-కలుపు-అడుగు అన్నట్టు ఉండేది. ఇప్పటి నడకలో తర్వాత వచ్చిన ఫాక్స్‌ట్రాట్ అనే జోడీ డాన్సు జారుడే ఎక్కువ కనబడుతుంది.

న్యూ బ్రౌన్‌ఫెల్స్‌ని జర్మన్లు 1845లో కట్టుకున్నారు. దాని పక్కనే గ్రీన్ హాల్ అనే డాన్సు హాలు, 1878 నాటిది. రేకుల కప్పు, పక్కగోడలకి ఎత్తి కట్టే తలుపులు, ఏసీ లేదు. జూలైలో వెళితే చొక్కా పిండుకోవాల్సిందే, అయినా టెక్సస్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన నేల అదే. పత్తి రైతుల కోసం కట్టిన హాలు అది. జర్మన్లు, చెక్‌లు ఎక్కడ స్థిరపడితే అక్కడ ఇలాంటిది ఒకటి లేపారు. పెళ్లీ అందులోనే, సంఘం మీటింగూ అందులోనే, శనివారం డాన్సూ అందులోనే. పిల్లల్ని ఓ మూల దుప్పట్లేసి పడుకోబెట్టి పెద్దవాళ్లు ఆడేవారట. ఆస్టిన్ నుంచి డాలస్ వెళ్లే దారిలో వెస్ట్ అనే ఊళ్లో ఆగి కొలాచీలు (మధ్యలో పండ్ల ముద్ద పెట్టిన చెక్ బన్నులు) కొనుక్కోని తెలుగు కుటుంబం ఉండదు. ఆ చెక్ ఊళ్ల వాళ్లే పోల్కాని ఇక్కడ బతికించింది. (శాకాహారులు ఆప్రికాట్‌దో గసగసాలదో అడగండి, సాసేజ్ పెట్టినదాన్నీ ఇక్కడ కొలాచీ అనే అమ్ముతారు.) వాళ్ల అకార్డియన్ని దక్షిణ టెక్సస్ మెక్సికన్లు అందుకుని కొన్‌హుంతో అనే సంగీతం తయారుచేశారు. 1930లలో నార్సిసో మార్టినెజ్ రికార్డు చేసినవాటిలో పోల్కాలు కొల్లలు. శాన్ ఆంటోనియోలో ఒక పెళ్లిలో విన్నప్పుడు పాట స్పానిష్, అడుగు మాత్రం నేను చెక్ హాల్లో నేర్చినదే.

స్వింగ్ కథ ఇంకో వైపు నుంచి వచ్చింది. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో 1926లో తెరిచిన సవాయ్ బాల్‌రూమ్‌లో నల్లజాతి యువత పెంచిన లిండీ హాప్ దాని తల్లి. దాన్ని సులువు చేసి డాన్స్ స్కూళ్లు అమ్ముకున్న రూపం ఈస్ట్ కోస్ట్ స్వింగ్. లాస్ ఏంజెలెస్‌లో డీన్ కాలిన్స్ లాంటివాళ్ల చేతుల్లో సాగి సన్నబడినది వెస్ట్ కోస్ట్ స్వింగ్, 1988లో కాలిఫోర్నియా రాష్ట్ర నృత్యమైంది. మరి కంట్రీ హాళ్లలోకి ఎలా దూరింది? బాబ్ విల్స్ లాంటివాళ్ల వల్ల. టెక్సస్ పత్తిచేలలో నల్లజాతి కూలీల పక్కన పనిచేస్తూ వాళ్ల పాటలు విని పెరిగిన ఫిడేలు వాయిద్యకారుడు. 1930లలో ఫిడేలుకి డ్రమ్ములు, బాకాలు, స్టీల్ గిటార్ జతచేసి జనాన్ని లేపి ఆడించాడు. ఆ సంగీతానికే వెస్టర్న్ స్వింగ్ అని పేరు. పేరులో వెస్టర్న్ మిగిలింది, హార్లెమ్ సంగతి క్లాసులో ఎవరూ ఎత్తరు. నేను ఎత్తుతాను. కాస్త ఇబ్బందిగా నవ్వుతారు, నవ్వనీ.

1980లో జాన్ ట్రవోల్టా 'అర్బన్ కౌబాయ్' సినిమా వచ్చింది. హ్యూస్టన్ పక్కన పసడీనాలో గిల్లీస్ అనే పెద్ద క్లబ్బులో తీశారు. దాంతో దేశమంతా టోపీలు కొని టూ-స్టెప్ క్లాసుల్లో చేరింది. మా టీచర్ల తరం చాలావరకు ఆ వేడిలో నేర్చుకున్నదే. గిల్లీస్ ఇప్పుడు లేదు. ఆస్టిన్‌లో 1964లో జేమ్స్ వైట్ పెట్టిన బ్రోకెన్ స్పోక్ అనే డాన్సు హాలు మాత్రం చుట్టూ అపార్ట్‌మెంట్లు మొలిచినా అలాగే ఉంది. కప్పు ఎంత కిందికంటే పొడుగువాళ్లు టోపీ సర్దుకోవాలి.

రావాలనుకునేవాళ్లకి ఒక్క మాట. రబ్బరు అడుగున్న స్నీకర్లు వద్దు. నేలకి అతుక్కుపోయి పాదం తిరగదు, మోకాలు తిరుగుతుంది. తోలు అడుగున్న బూట్లు కొనుక్కోండి, సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో చవగ్గా దొరుకుతాయి. నేనిప్పుడు షాటిష్ కోసం తిరుగుతున్నాను. మూడడుగులూ ఓ గెంతూ ఉన్న పాత ఆట, తెలిసినవాళ్లంతా పెద్దవాళ్లే. ఆదివారం మధ్యాహ్నం ఓ చెక్ హాలుకి రమ్మన్నారు. మా ఆయన వాల్ట్జ్ వేస్తేనే వస్తానంటున్నారు.